శబ్దగ్రాహకుడు గైస్‌బర్గు

పత్తి తీతలు, మిరపకోతలు ముగిసి రైతు చేతిలో నాలుగు డబ్బులాడు దినములలో గుంటూరు, ఒంగోలు ప్రాంతముల పల్లెలందు నాటకములాడించుట పూర్వము వాడుక. పెట్రోమాక్సు దీపముల వెలుగున హరిశ్చంద్రుడో శ్రీకృష్ణుడో పద్యమెత్తుకొనగా జనము నిద్రమాని వినెడివారు. రాగము బాగుగా సాగినచో వన్సుమోరు అని కేకలు వేసి మరల పాడించుకొనెడివారు. తెల్లవారగనే నాటక సమాజము బండ్లెక్కి పోయెడిది. ఆ పద్యమును మరల వినవలెనన్నచో మరుసటి ఏటి పంట చేతికి వచ్చువరకు వేచియుండవలసినదే. అంతలో ఆ నటుడు కాలము చేసినచో ఆ గొంతు ఇక లేనట్లే. చిత్రకారుని బొమ్మ గోడమీద నిలుచును. కవి పద్యము తాటాకుమీద నిలుచును. గాయకుని గొంతు మాత్రము గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోయెడిది. వేలకొలది సంవత్సరములు లోకమున ఇదియే స్థితి.

తరువాత గ్రామఫోను వచ్చెను. కీ ఇచ్చి, నల్లని పళ్లెముపై ముల్లు ఆనించినచో బాకాలోనుండి కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల గానము వినవచ్చుచుండెను. పెండ్లిండ్లలో ఆ పెట్టె చుట్టును చేరి, దాని లోపల మనుష్యులెవరైన దాగియున్నారేమో యని వంగిచూచు పిల్లలను నేనును ఎరుగుదును. శబ్దమును పట్టి మరల వినిపించు యంత్రమును తొలుత కనిపెట్టిన ఎడిసన్ పేరు మీరెల్లరు చదివియే యున్నారు. కాని యంత్రముండిన చాలునా? గాయకుల కడకు పోయి, వారిని ఒప్పించి, వారి గొంతును దోషము లేకుండ పట్టితెచ్చువాడొకడు కావలెను. మన చలనచిత్రముల ఆరంభమున శబ్దగ్రహణము అని ఒక పేరు చూపుదురు. ఎవరును శ్రద్ధగా చదువని ఆ పేరునకు మూలపురుషుడనదగినవాడు ఫ్రెడరిక్ విలియం గైస్‌బర్గు.

ఈతడు 1873వ సంవత్సరము జనవరి 1వ తేదీన అమెరికా రాజధానియైన వాషింగ్టన్ నగరమున జన్మించెను. వీరి పూర్వులు జర్మను దేశమునుండి వలసవచ్చినవారు. తండ్రి ప్రభుత్వ ముద్రణాలయమున పనిచేయుచుండెను. సంపన్న కుటుంబము కాదు. బాలునకు చిన్ననాటనే పియానో వాయించుట చక్కగా పట్టుబడెను. ఆ విద్యయే అతని బ్రతుకుదారిని నిర్ణయించినది.

పదునారేండ్ల ప్రాయమున అతడు కొలంబియా యను ఫోనోగ్రాఫు సంస్థలో పియానో వాయించుటకు కుదిరెను. అప్పటి యంత్రమున పళ్లెములు లేవు, మైనపు గొట్టములుండెడివి. జాన్ యార్క్ అట్లీ యను ప్రభుత్వోద్యోగి ఒకడు సాయంకాలములందు వచ్చి ఈలపాట పాడుచుండగా గైస్‌బర్గు పియానో సహకారము నిచ్చెడివాడు. మన గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్యగారిని ఎరిగిన తెలుగువారికి ఈల యెంతటి సంగీతమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ కాలమున గొట్టమునుండి గొట్టమునకు ప్రతులు తీయు ఉపాయము సరిగా కుదరలేదు. బాకాలకెదురుగ నిలిచి ఒకసారి పాడినచో మూడు గొట్టములు మాత్రము తయారగును. వందమంది కొనుటకు వచ్చినచో ఆ పాటనే ముప్పదిసార్లకు పైగా పాడవలెను! గాయకునకు గొంతు బొంగురుపోవుచుండెను. వాద్యకారునకు వ్రేళ్లు నొచ్చుచుండెను. ఈ పద్ధతి నిలువదని గైస్‌బర్గు ఆ పిన్న వయసుననే గ్రహించెను.

ఎమిల్ బెర్లినర్ అను శాస్త్రజ్ఞుడు గొట్టమునకు బదులు చదునైన పళ్లెముమీద శబ్దమును చెక్కు విధానమును 1887లో కనిపెట్టియుండెను. ఒక మూలపళ్లెమునుండి ఎన్ని ప్రతులైన అచ్చొత్తవచ్చుననుట ఇందలి మేలు. తాళపత్రములకును అచ్చు పుస్తకమునకును ఎంత భేదమో గొట్టమునకును పళ్లెమునకును అంత భేదము. ఆ యంత్రము ధ్వని విన్నంతనే గైస్‌బర్గు మనసు దానిపై లగ్నమాయెను. 1894లో అతడు బెర్లినర్ కొలువున చేరెను. పియానో వాయించుట, గాయకులను వెదకి తెచ్చుట, యంత్రమును నడుపుట, పళ్లెములను ఆమ్లములో ముంచి గాళ్లను తేర్చుట, అన్నియు అతని పనులే.

ఒక చిక్కు మాత్రము వారిని చాల కాలము వేధించెను. తొలుత పళ్లెములను గట్టి రబ్బరుతో అచ్చొత్తెడివారు. అచ్చులో గాలిబుడగలు చేరి, అక్కడక్కడ గాడి సరిగా పడక, పాట నడుమ ధ్వని మాయమగుచుండెను. గుండీలు తయారుచేయు కర్మాగారమొకటి లక్కతో కూడిన మిశ్రమమును వాడుచున్నదని తెలిసి, దానితో అచ్చు వేయించి చూడగా గాడి స్పష్టముగా దిగెను. అప్పటినుండి అర్ధశతాబ్దమునకు పైగా లోకమున గ్రామఫోను పళ్లెములన్నియు లక్కపళ్లెములే. ఆ లక్క యెక్కడిది? అందు అధికభాగము మన దేశపు అడవులలో మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు కట్టిన లక్కయే. భారతమున లక్కయింటి కథ చదివిన మీకు దాని మండు గుణము తెలియును. పాటను దాచు గుణము కూడ దానికి కలదని ఆనాడు తెలిసినది.

1897లో ఫిలడెల్ఫియా నగరమున ఈ సంస్థ శబ్దగ్రహణశాల నొకదానిని తెరచెను. మరుసటి యేడు లండనులో గ్రామఫోను కంపెనీ ఏర్పడగా, అక్కడ పని ఆరంభించుటకు బెర్లినర్ గైస్‌బర్గునే పంపెను. ఇరువదియైదేండ్ల ఆ యువకుడు శబ్దగ్రహణ సామగ్రిని, తాను ముచ్చటపడి కొనుక్కొన్న ఒక సైకిలును వెంటగొని 1898లో ఓడ యెక్కెను. లండనులో మెయిడెన్ లేన్ అను సందులోని ఒక యింటి నేలమాళిగ అతని కార్యాలయము. ఐరోపా ఖండమున గ్రామఫోను పళ్లెముల చరిత్ర ఆ చీకటి గదిలో మొదలాయెను.

ఆనాటి శబ్దగ్రహణము ఎట్లుండెడిదో కొంచెము వివరింతును. విద్యుత్తు లేదు, మైకు లేదు. గోడనుండి ఒక పెద్ద బాకా బయటకు వచ్చియుండును. దాని సన్నని కొనయందు పలుచని బిళ్ల, ఆ బిళ్లకు సూది అమర్చబడి యుండును. గాయకుడు బాకాలోనికి పాడగా గాలి కదలి, బిళ్ల కంపించి, సూది మెత్తని మైనముమీద గాడిని చెక్కును. బరువొకటి మెల్లగా క్రిందికి దిగుచుండగా పళ్లెము తిరుగును. మైనము గట్టిపడకుండుటకై గదిని వెచ్చగా నుంచవలెను. సూది ఒకమారు చెక్కిన పిదప దిద్దుటకు వీలులేదు. చిన్న తప్పు దొరలినను, తుమ్ము వచ్చినను పళ్లెము చెడినట్లే. హెచ్చు స్థాయి స్వరమునకు సూది గాడిని దాటి దూకును. తగ్గు స్థాయిలో పాడినచో గాడియే పడదు. అందువలన గైస్‌బర్గు గాయకుని ప్రక్కన నిలిచి, పైస్థాయి రాబోవుచున్నదని తెలియగనే భుజము పట్టి వెనుకకు లాగును. సన్నని స్వరము రాగానే ముందునకు నెట్టును. ఎంతటి విద్వాంసుడైనను అతని చేతిలో బొమ్మవలె కదలవలసినదే. ఈ పని చేయుటకు యంత్రజ్ఞానమొక్కటి చాలదు. స్వరము ఎప్పుడెక్కునో, ఎప్పుడు దిగునో ముందుగా తెలిసిన సంగీతజ్ఞుడే దీనిని చేయగలడు. గైస్‌బర్గు తోటివారిని మించిపోయిన రహస్యమిది.

గొప్ప గాయకులు మొదట ఈ బాకాను చూచి నవ్విరి. అది సంతలో చూపు ఆటబొమ్మయని వారి యభిప్రాయము. ఆ యభిప్రాయము మారినది 1902వ సంవత్సరమున, ఇటలీలోని మిలాను నగరమందు. అక్కడ ఎన్రికో కరూసో యను యువగాయకుని గైస్‌బర్గు నాటకశాలలో వినెను. వెంటనే అతనిని అడిగించెను. పది పాటలకు నూరు పౌండ్లు కావలెనని సమాధానము వచ్చెను. ఆ కాలమున అది చాల పెద్ద మొత్తము. గైస్‌బర్గు లండనుకు తంతి నిచ్చెను. అంత సొమ్ము ఈయరాదు, ఆ పని మానుకొమ్మని కంపెనీవారు బదులు తంతి పంపిరి.

ఇప్పుడేమి చేయవలెను? ఆజ్ఞను పాటించినచో ఉద్యోగమునకు ప్రమాదము లేదు. పాటింపక పోయి, పళ్లెములు అమ్ముడుపోకున్నచో నూరు పౌండ్ల నష్టమునకు తానే బాధ్యుడు. అయినను తన చెవిమీద తనకు నమ్మకము కలదు. అతడు తంతిని ప్రక్కన బెట్టి, ఏప్రిలు నెలలో తాను దిగిన హోటలు గదిలోనే యంత్రమును అమర్చి కరూసోను పిలిపించెను. కరూసో ఒక మధ్యాహ్నమున వచ్చి, ఏమాత్రము తడబడక పది పాటలు పాడి, సొమ్ము తీసికొని వెళ్లిపోయెను. ఆ పళ్లెములు ఐరోపాయంతట మ్రోగెను. పెట్టిన సొమ్మునకు ఎన్నో రెట్లు లాభము వచ్చెను. అంతకంటె ముఖ్యమేమనగా, కరూసో పాడిన బాకాలో పాడుటకు తామును సిగ్గుపడనక్కరలేదని తక్కిన గాయకులు తలచిరి. 1905లో ఆడలీనా పాటీ యను విఖ్యాత గాయని, అరువదిరెండేండ్ల వయసున, వేల్సు దేశములోని తన కోటలో రెండు గదులను శబ్దగ్రహణమునకై విడిచి పాడినది. పై అధికారి మాట మీరుట మంచిదని నేను మీకు బోధించుట లేదు; మీరినవాడు ఫలితమునకు తలయొగ్గుటకు సిద్ధపడియే మీరెను.

కరూసో పాడిన 1902లోనే గైస్‌బర్గు మన దేశమునకు బయలుదేరెను. అతడెక్కిన ఓడ పేరు కోరమండల్. చీరాల, మోటుపల్లి, కొత్తపట్నము మొదలగు రేవులున్న మన తూర్పుతీరమునకు పాశ్చాత్యులు పెట్టుకొన్న పేరిది. మన తీరము పేరుగల ఓడలో మన పాటను పట్టుకొనుటకు అతడు వచ్చుట చిత్రము. 1902 అక్టోబరు తుదిని కలకత్తా చేరెను.

కలకత్తాలోని ఆంగ్లేయులకు మన సంగీతమును గూర్చి ఏమియు తెలియదు. ఏండ్ల తరబడి ఇక్కడనే యున్నను వారెన్నడును ఒక కచేరి విన్నవారు కారు. ఇట్టివారివలన ప్రయోజనము లేదని గైస్‌బర్గు గ్రహించి, స్వయముగా నాటకశాలలకును జమీందారుల గృహములలో జరుగు పాటకచేరులకును పోయి వినసాగెను. అతని చెవికి ఈ సంగీతము పూర్తిగా క్రొత్త. ఇందలి స్వరముల నడక అతడు నేర్చినది కాదు. అయినను గొప్ప గొంతు ఏదియో గుర్తించుటకు భాష యక్కరలేదు గదా! నవంబరు 8వ తేదీన శబ్దగ్రహణము ప్రారంభమాయెను. తొలుత పాడినవారు శశిముఖి, ఫణిబాల యను నాటకశాల గాయనులు.

మూడు దినముల పిదప గౌహర్ జాన్ వచ్చినది. ఈమెయు గైస్‌బర్గు పుట్టిన 1873లోనే జన్మించినది. నాడు ఉత్తరదేశమున ఆమెను మించిన గాయని లేదని ప్రసిద్ధి. వచ్చినప్పుడెల్ల క్రొత్త పట్టుబట్టలు, క్రొత్త నగలు ధరించి వచ్చెడిది. హిందూస్థానీ గాయకులు ఒక రాగమును గంటసేపైన పాడగలరు. పళ్లెముమీద చోటు రెండు మూడు నిమిషములకే కలదు. ఏనుగును పెట్టెలో పట్టించుమన్నట్లే! గౌహర్ జాన్ మాత్రము బెదరలేదు. రాగస్వరూపము చెడకుండ, ఆలాపనను, చీజును, తానములను ఆ కొద్ది వ్యవధిలో కుదించి పాడినది. పాట చివర తన పేరును ఆంగ్లములో గట్టిగా చెప్పెడిది. గర్వముచేత చెప్పినది కాదు. ఈ మైనపు పళ్లెములు జర్మనీలోని హానోవరు నగరమునకు పోవలెను. అక్కడి పనివారికి మన భాష తెలియదు. ఏ పాట ఎవరిదో తారుమారు కాకుండుటకై ఈ యేర్పాటు. నేటికిని ఆ పళ్లెము విన్నవారికి నూరేండ్లు దాటిన ఆ పలుకు స్పష్టముగా వినిపించుచున్నది. ఆమె 1930లో మైసూరున మరణించినది.

కొద్ది వారములలోనే గైస్‌బర్గు బృందము ఐదు వందలకు పైగా పాటలను గ్రహించెను. మైనపు పళ్లెములు ఓడలో సముద్రములు దాటి పోవలెను. ఎండ తగిలినచో కరగును. దెబ్బ తగిలినచో పగులును. హానోవరులో వాటికి లోహపు అచ్చులు పోసి, మన దేశపు లక్కతోనే ప్రతులొత్తి, 1903లో తిరిగి మనకే అమ్మిరి. పత్తిని ఇక్కడ కొని మాంచెస్టరులో బట్ట నేసి మరల మనకే అమ్మిన కథ మన ప్రాంతపు రైతుల మనుమలకు తెలియనిది కాదు. పాట విషయమునను అదియే జరిగినది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసిన పిదప పళ్లెములు ఈ దేశముననే తయారు కాసాగెను. ఈలోగా కంపెనీ నిపుణులు మద్రాసునకును వచ్చిరి. దక్షిణదేశపు గాయనుల నోట త్యాగరాజ కృతులు, అనగా మన తెలుగు పలుకులు, పళ్లెములకెక్కినవి.

గైస్‌బర్గు అప్పటికి జపానుకు సాగిపోయెను. టోక్యోలోను, చైనాలోని షాంఘైలోను పాటలు గ్రహించి 1903లో లండను చేరెను. అంతకుముందే రష్యాలో ప్రవేశించి షాలియాపిన్ అను మహాగాయకునితో స్నేహము కలిపియుండెను. ఆ గాయకుడు మిక్కిలి కోపస్వభావుడు. అతనిని బుజ్జగించి పాడించుట గైస్‌బర్గునకు తప్ప వేరొకరికి చేతకాలేదని ప్రతీతి.

ఫ్రెడ్‌కు విలియం అను తమ్ముడు కలడు. అతడును ఈ విద్యలోనే ప్రవీణుడై అన్నతో దేశములు తిరిగెను. 1918లో, మొదటి ప్రపంచయుద్ధము ముగియబోవు వేళ, రణరంగపు ధ్వనిని పళ్లెముపై నిలుపుటకు అతడు ఫ్రాన్సులోని లిల్లె నగర సమీపమునకు పోయెను. ఫిరంగులు విషవాయువు నింపిన గుండ్లను ప్రేల్చుచుండగా దగ్గరనే యంత్రముంచి ఆ మోతను గ్రహించెను. ఆ వాయువు అతనికిని సోకెను. దుర్బలుడై తిరిగివచ్చిన అతనిని ఆ యేడు లోకమంతట ప్రబలిన ఇన్‌ఫ్లుయెంజా నవంబరులో కబళించెను. ఆ పళ్లెము అమ్మకమునకు వచ్చినది. తమ్ముడు ప్రాణమిచ్చి తెచ్చిన ఆ ధ్వనిని అన్న ఎట్లు విన్నాడో ఊహించుటకే కష్టము.

1925 ప్రాంతమున ఈ విద్య మొత్తము మారిపోయెను. బాకా పోయి మైకు వచ్చెను. విద్యుత్తు సాయమున సన్నని స్వరమును కూడ పెంచి చెక్కవచ్చును. ముప్పదియేండ్లు బాకాతో కుస్తీపట్టిన మనిషి క్రొత్త పద్ధతిని నిరసించుట లోకసహజము. ఏబదియేండ్లు దాటిన గైస్‌బర్గు అట్లు చేయలేదు. గాయకుని యంత్రమున్న గదికి రప్పించు బాధ తప్పినది, ఇక యంత్రమే గాయకుడున్న చోటికి పోగలదని అతడు సంతోషించెను. 1926లో మెల్బా యను గాయని రంగస్థలమునకు చివరిసారి వీడ్కోలు చెప్పిన రాత్రి, నాటకశాలలోని మైకులనుండి టెలిఫోను తీగలద్వారా ధ్వనిని దూరముననున్న యంత్రమునకు పంపి గ్రహించిరి. 1931 నవంబరులో లండనులోని ఆబీ రోడ్డున గొప్ప శబ్దగ్రహణశాల వెలసెను. తొలిదినమున వాద్యబృందమును నడిపినవాడు ఎల్గార్ అను స్వరకర్త. మరుసటి యేడు పదునారేండ్ల బాలుడైన యెహూదీ మెనూహిన్‌చే ఎల్గార్ రచనను వయొలిన్‌పై వాయింపజేసినవాడు గైస్‌బర్గే. డెబ్బదియైదేండ్ల వృద్ధుని, పదునారేండ్ల బాలుని జతగూర్చుట అతని ఊహ. ఆ పళ్లెములు నేటికిని వినబడుచున్నవి.

1934 జనవరిలో ఆ ఎల్గార్ మరణశయ్యపై నుండెను. తన రచన నొకదానిని గ్రహించుచుండగా వినవలెనని అతని తుది కోరిక. లేవలేని రోగి నూరుమైళ్ల దూరముననున్న శాలకు ఎట్లు రాగలడు? వూస్టరు పట్టణములోని అతని మంచము కడనుండి లండనువరకు టెలిఫోను తీగను ఏర్పాటు చేసిరి. వాద్యకారులు లండనులో వాయింతురు. ఆయన పడుకొనియే వినును. వేగము తగ్గింపుమనియో, మరల వాయింపుమనియో ఆయన చెప్పిన మాట తీగవెంట శాలకు చేరును. గైస్‌బర్గు ఆ సమయమున రోగి ప్రక్కన కూర్చుండెను. ఒక నెల గడచిన పిదప ఎల్గార్ కన్నుమూసెను.

అతని కడపటి ఘనకార్యములలో ఒకటి 1938 జనవరి 16వ తేదీన వియన్నా నగరమున జరిగినది. బ్రూనో వాల్టర్ అను యూదుడు నడిపిన కచేరిలో, మాలర్ అను స్వరకర్త రచించిన తొమ్మిదవ సింఫనీని ప్రేక్షకుల సమక్షముననే గ్రహించిరి. రెండు నెలలు తిరుగకమునుపే హిట్లరు సేనలు ఆ దేశమును ఆక్రమించినవి. వాల్టర్ తిరిగి ఆ నగరమున ఉండలేకపోయెను. వాద్యబృందములోని యూదులు వెళ్లగొట్టబడిరి. కొందరు నిర్బంధశిబిరములలో ప్రాణములు కోల్పోయిరి. గైస్‌బర్గు ఆ పళ్లెముల నమూనాలను పారిసుకు కొనిపోయి వాల్టర్‌కు వినిపించెను. ఆ బృందము మరల ఎన్నడును ఆ విధముగా కూడలేదు. రెండు నెలలు ఆలస్యమైనచో ఆ నాదము లోకమునకు దక్కెడిది కాదు.

1939లో గైస్‌బర్గు ఉద్యోగవిరమణ చేసెను. 1942లో తన అనుభవములను గ్రంథముగా వ్రాసెను. పెండ్లి చేసికొనలేదు. మైనపు గొట్టముతో పని మొదలిడి, దీర్ఘకాలము మ్రోగు క్రొత్త పళ్లెములును, అయస్కాంతపు టేపును వచ్చువరకు ఈ విద్య సాగిన దారినంతటిని అతడు కన్నులార చూచెను. 1951 సెప్టెంబరు 2వ తేదీన లండనులో మరణించెను. అప్పటికి అతని వయస్సు డెబ్బదియెనిమిదేండ్లు.